మద్దయ్య అదిలింపులు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పొద్దున ఏడుంబావుకు బయలుదేరే పల్లెవెలుగు బస్సులో, డ్రైవరు వెనక మూడో సీటు హెప్సిబాది. టిక్కెట్టు మీద రాసి ఉండదు గానీ రోజూ ఎక్కేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె తెలుగు చెబుతుంది. దాంతో ఇల్లు గడుస్తుంది. మనసంతా మాత్రం భాషాశాస్త్రం మీదే. పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకుని మూడేళ్లయింది. యూనివర్సిటీ చూస్తే దూరం. గైడు గారు ఫోనెత్తిన రోజు పండగ. లైబ్రరీకి పోవాలంటే రెండు రోజులు సెలవు పెట్టాలి. అందుకని గంటసేపు సాగే ఆ ప్రయాణంలో, ఫోనులో ఒక మెయిలింగ్ లిస్టు, అంటే ఒకరు రాస్తే సభ్యులందరికీ చేరే ఈమెయిళ్లు, చదువుకుంటూ ఆమె తన చదువు నెట్టుకొస్తోంది.

ఆ లిస్టులో ఆమెను చేర్పించింది శ్రీపాదరావు సారు. డిగ్రీలో ఆమెకు వ్యాకరణం చెప్పిన మనిషి. రిటైరై పదేళ్లు దాటింది. ఇంటర్నెట్టు కావాలంటే టెలిఫోను తీగ తగిలించి, అది కీచుమని కూసేదాకా కాచుకోవలసిన రోజుల నుంచీ ఆయన అందులో సభ్యుడు.

"అమ్మా, ఇందులో చేరినావంటే లోకంలో ఉండే భాషాశాస్త్రజ్ఞులంతా మన వీధిలో కాపురం ఉన్నట్టే. నువ్వు మాట్లాడకున్నా పరవాలేదు, వింటా ఉండు," అన్నాడాయన అప్పట్లో.

ఆమె అలాగే విన్నది. ఎక్కడ ఏ సదస్సు జరుగుతుందో, ఏ కొత్త పుస్తకం వచ్చిందో, ఏ నిఘంటువు ఉచితంగా దొరుకుతుందో అన్నీ ఆ లిస్టులో వచ్చేవి. ఎవరో ఒకాయన నూరేళ్ల కిందటి వ్యాకరణ పుస్తకంలో ఒక పేజీ కావాలని అడిగితే, భూమికి అవతలి వైపు నుంచి ఇంకెవరో గంటలోపల ఫొటో తీసి పంపేవాళ్లు. ప్రశ్న అడిగినవాళ్లు, వచ్చిన జవాబులన్నిటినీ ఒకచోట కూర్చి, చెప్పినవాళ్ల పేర్లన్నీ రాసి, తిరిగి లిస్టుకు పంపాలి. అది అక్కడి మర్యాద. ఆ మర్యాదంటే హెప్సిబాకు చాలా ఇష్టం. అప్పుడప్పుడూ ఒక ప్రత్యయం మీద ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లు వారం రోజులు పోట్లాడుకునేవాళ్లు. ఆ వారం ఆమెకు బస్సు ఎప్పుడు ఆదోని చేరిందో తెలిసేది కాదు.

ఇన్ని చదివినా తను ఒక్క ముక్క రాయలేదు. తన ఇంగ్లీషు చూసి ఎవరు నవ్వుతారోనని భయం. అదీగాక, కోసిగి పక్క పల్లెలో కూలిపనికి పోయే ఇంట్లో పుట్టిన తన దగ్గర వాళ్లకు చెప్పేంత సంగతి ఏముంటుందని కూడా అనుకునేది.

ఇంటి దగ్గర పరిస్థితి చూస్తే, మాట అనేదే కరువైపోయింది. నాయన మద్దయ్యకు జూన్‌లో, తొలకరి దుక్కిలో ఉండగా పక్షవాతం వచ్చింది. ఎమ్మిగనూరు శివార్లలో సుబ్బన్న అనే రైతు దగ్గర ఇరవై రెండేళ్లు ఎద్దులు తోలిన మనిషి, సాలు మధ్యలో కూలబడిపోయాడు. కర్నూలు ఆసుపత్రిలో పదిహేను రోజులున్నాక కాలు కాస్త కుదుటపడింది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. చెప్పిందంతా అర్థమవుతుంది, చెప్పాలని నోరు తెరిస్తే "ఆ... ఆ..." తప్ప ఇంకేమీ పలకదు. మొదట్లో రెండు నెలలు పాపం తంటాలు పడ్డాడు. నీళ్లు అడగబోతే ఏదో శబ్దం వచ్చేది. చూసేవాళ్లు జాలిపడేవాళ్లు. ఆ జాలి చూడలేక చివరకు ప్రయత్నమే మానుకుని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

అమ్మ సుగుణమ్మ మాత్రం మానలేదు. పత్తి తీయడానికి పోయి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం పక్కన కూర్చుని ఆ రోజు సంగతులన్నీ ఆయనకు వరసగా చెప్పేది. ఆయన తరఫు జవాబులు కూడా తనే చెప్పుకునేది.

జనవరిలో ఒక సోమవారం పొద్దున, బస్సు కదలగానే ఫోను తెరిచిన హెప్సిబాకు లిస్టులో ఒక చిత్రమైన ప్రశ్న కనిపించింది. ఎస్తోనియా అనే దేశం నుంచి కైరి అనే పరిశోధకురాలు రాసింది. 'మీ ప్రాంతంలో మనుషులు పశువులతో ఎలా మాట్లాడతారు? కోళ్లను పిలవడానికి, కుక్కను తరమడానికి, ఎద్దును నడపడానికి, ఆపడానికి, తిప్పడానికి, నీళ్లు తాగించడానికి ఏమంటారు? ఇవి నిఘంటువుల్లోకి ఎక్కలేదు. ట్రాక్టర్లు వచ్చాక చెప్పేవాళ్లూ తగ్గిపోతున్నారు. దయచేసి పంపండి. వాటన్నిటినీ అందరికీ అందుబాటులో ఉండే ఒక శబ్దభాండారంగా పెడతాను' అని.

హెప్సిబా నవ్వుకుంది. కోళ్లకు 'బా బా బా', కుక్కకు 'ఛో'. ఇవి తనకూ తెలుసు. ఎద్దుల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. అవి తెలిసిన మనిషి ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రం అమ్మకు ఆ ప్రశ్న చదివి చెప్పింది. సుగుణమ్మ నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"దీనిగ్గూడ సదువులుంటాయామే? గొర్రెల్ని తోలేది, కోళ్లని పిల్సేది రాసుకుంటారా పెద్దపెద్దోళ్లు?"

"రాసుకుంటారమ్మా. నువ్వు సెప్పు. ఎద్దుల్ని నిలపాలంటే నాయన ఏమనేటోడు?"

సుగుణమ్మ గొంతు సవరించుకుంది. హెప్సిబా ఫోనులో రికార్డింగు పెట్టింది.

"హై... హై... అనేటోడు గదా."

"అది తోలేటప్పుడు గదమ్మా?"

"కాదులేమే, నిలిపేటప్పుడే. నేను రోజూ సద్ది పట్టకపొయ్యేదాన్ని. నాకు తెల్దా?"

"హో... వ్... వ్..."

ఇద్దరూ ఒక్కసారిగా మంచం వైపు తిరిగారు. మద్దయ్య గోడవైపే ఉన్నాడు. కానీ తల ఎత్తి ఉంది. ఆ శబ్దం ఆయనదే. నిండుగా, లోతుగా, చివర మెల్లగా దిగిపోయే శబ్దం. ఇరవై రెండేళ్లు రెండు ఎద్దులను ఉన్నచోట నిలబెట్టిన శబ్దం.

 హెప్సిబా తడబడకుండా, క్లాసులో అడిగినట్టే అడిగింది.

"మరి నడవాలంటే ఏమంటావు నాయనా?"

ఆయన ఇటు తిరిగాడు. నాలుకను దవడ పక్కన ఆనించి లాగాడు. 'టక్, టక్' అని రెండుసార్లు చప్పుడయింది. తెలుగు అక్షరాల్లో ఎక్కడా లేని చప్పుడు అది.

"కుడివైపు తిరగాలంటే?"

"హా... హా..." ఎడమచెయ్యి పగ్గం లాగినట్టు కదిలింది.

"నీళ్లు తాగాలంటే?"

పెదవులు ఈలకు సిద్ధమయ్యాయి. కుడివైపు పెదవి బిగుసుకోక గాలి మాత్రమే బయటికొచ్చింది. ఆయన మళ్లీ ఊదాడు. మళ్లీ గాలే. సుగుణమ్మ గబుక్కున లేచి, రెండు వేళ్లతో ఆయన పెదవిని దగ్గరికి నొక్కిపట్టింది. సన్నగా, అతుకుల బొంతలాగా ఒక ఈల పుట్టింది. అది విని ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో ఆయన ఏదో చెప్పబోయాడు. "ఆ... ఆ..." తప్ప ఏమీ రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆ రోజు మాత్రం గోడవైపు తిరగలేదు.

మరునాడు కాలేజీ అయిపోగానే హెప్సిబా నేరుగా శ్రీపాదరావు ఇంటికి వెళ్లింది. ఆయన భార్య శాంతాబాయి ఉగ్గాని పెట్టింది. రికార్డింగు మొదలవగానే సారు తినడం ఆపేశాడు. ఆ 'టక్ టక్' దగ్గర ఫోను చెవికి ఆనించుకుని నాలుగుసార్లు విన్నాడు.

"అమ్మా, ఇటువంటి ధ్వనులు మాటల్లో వాడేది ఆఫ్రికా ఖండంలోని భాషల్లోనే అని ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినాను. నేను పాఠం చెప్తా ఉంటే కిటికీ అవతల పత్తి బండ్లు తోలేవాళ్లు ఇదే ధ్వని చేసుకుంటా పోయేవాళ్లు. ఒక్కరోజన్నా వినలేదు చూడు నేను!"

"అది మాట కాదు గదా సార్?"

"ఎద్దుకు అర్థమైంది గదమ్మా!" అంటూ ఆయన ప్లేటు పక్కన పెట్టాడు. "ఇంకోటి. మాట పోయిన మనిషి నోట్లో ఇవి మిగిలినాయంటే, అది చెప్పవలసిన సంగతి. అది గూడా రాయి."

"నాయన రోగం గురించి అందరికీ ఎట్ల రాసేది సార్?"

"ఆయన్నే అడుగు."

ఆమె ఇంటికొచ్చి అడిగింది. "నాయనా, నీకు మాట రాకుండా పోయిన సంగతి, ఎద్దుల అదిలింపులు మాత్రం వస్తాండే సంగతి దేశదేశాల వాళ్లకు రాస్తాను. రాయనా వద్దా?" మద్దయ్య కూతురి ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నాలుకతో టక్ టక్‌మనిపించాడు. పోనీ, నడువు అన్నట్టు.

ఆ ఉత్తరం రాయడానికి ఆమెకు మూడు బస్సు ప్రయాణాలు పట్టింది. రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరకు ఆదోని కోట కొండలు కనబడుతుండగా కళ్లు మూసుకుని పంపేసింది. 'మీ ఉత్తరం నిర్వాహకుల పరిశీలనలో ఉంది' అని జవాబు వచ్చింది. పరీక్ష ఫలితానికి కూడా ఆమె అంతగా కాచుకోలేదు. మరునాటి పొద్దున లిస్టులో తన పేరు, ఊరు పేరు చూసుకుని, పక్కన కూర్చున్న పూలమ్మే ఆమెకు ఫోను చూపించింది. ఆ తల్లికి ఏమీ అర్థం కాకపోయినా "మంచిదమ్మా" అంది.

రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఒకాయన, ఇవి భాష కిందికి రావని, శ్రద్ధగా చదవవలసినంత విషయం ఇందులో లేదని రాశాడు. హెప్సిబా ముఖం మాడిపోయింది. కానీ ఆయన ఆ మాట అన్నందుకే లిస్టంతా లేచి కూర్చుంది. తన తాత కంచరగాడిదలకు అదే చప్పుడు చేసేవాడని ఒకరు, తమ ఊళ్లో గుర్రాలకు అంటారని ఒకరు, బాతులకు ఏమంటారో ఎవరూ అడగలేదేమని ఇంకొకరు రాశారు. కైరి అయితే రికార్డింగు విని ఏడ్చేశానని, మద్దయ్య గారికి నమస్కారం చెప్పమని రాసింది.

ఆ గోలలో ఒక ఉత్తరం లిస్టుకు కాకుండా నేరుగా హెప్సిబాకే వచ్చింది. రాసింది వనజ. బళ్లారిలో మాట పోయినవాళ్లకు మాట నేర్పే థెరపిస్టు. భాషాశాస్త్రం చదువుకుని ఆ వృత్తిలోకి వెళ్లింది కాబట్టి లిస్టు చదువుతూ ఉంటుంది. 'మీ నాయనను ఒకసారి తీసుకురండి. నేనూ తెలుగింటి పిల్లనే. ఎనిమిది నెలలు గోడకు వదిలేశారు, ఇంకో వారం కూడా వదలొద్దు' అని ఉంది అందులో.

ఆదివారం చర్చికి పోయే చీర కట్టుకుని సుగుణమ్మ, ఉతికిన పంచెలో మద్దయ్య, ఇద్దరినీ పట్టుకుని హెప్సిబా ఒక శనివారం బళ్లారి వెళ్లింది. వనజ నలభై ఏళ్ల మనిషి. "బన్ని, కూర్చోండి" అని కన్నడమూ తెలుగూ కలిపి పలకరించింది. మద్దయ్య చేత ఒకటీ రెండూ లెక్కపెట్టించింది. తను 'ఒకటి' అని అందించగానే ఆయన నాలుగు దాకా తడబడుతూ వచ్చాడు. సుగుణమ్మ నోరెళ్లబెట్టింది.

"వెతుక్కుని, కూర్చుకుని చెప్పే మాట ఒక దారిలో వస్తుందమ్మా," అంది వనజ. "లెక్క, పాట, ప్రార్థన, తిట్టు, ఈ అదిలింపులు... నోటికి అలవాటైపోయినవి ఇంకో దారిలో వస్తాయి. ఆయనకు మొదటి దారి దెబ్బతినింది. రెండోదాంట్లో పోయి, దాని పక్క నుంచి మొదటిదాన్ని మెల్లగా బాగుచేసుకోవాల. పూర్తిగా వస్తుందని నేను సెప్పను. కొంచెమన్నా వస్తుంది. ఆయన తోలిన ఎద్దులున్నాయా ఇప్పుడు?"

"సుబ్బన్న ఇంగా అమ్మల్యా. ఉండాయి," అంది సుగుణమ్మ.

"అయితే నా గదిలో కంటే ఆడ బాగా నేర్చుకుంటాడు. వాటి దగ్గరికి తీసుకుపోండి. పిలవమనండి, వాటి పేర్లు అందివ్వండి. మీరు సెప్పొద్దు, మొదలు మాత్రం పెట్టి వదిలెయ్యండి. అమ్మా, ముఖ్యంగా మీరు. ఆయన జవాబులు మీరు సెప్పొద్దు."

"నేనేం సెప్తాను?" అంది సుగుణమ్మ నొచ్చుకుంటూ. హెప్సిబా కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ మరుసటి ఆదివారం ప్రార్థన అయిపోయాక ఆటో మాట్లాడుకుని సుబ్బన్న కళ్లానికి వెళ్లారు. సుబ్బన్న ట్రాక్టరు కొని నాలుగేళ్లయినా ఆ జతను మాత్రం ఉంచుకున్నాడు. నల్లది కర్రోడు, ఎర్రది పుల్లోడు. రెండూ చొప్ప వామి పక్కన కట్టేసి ఉన్నాయి. మద్దయ్య ఆటో దిగి, కర్ర పట్టుకుని, కాలీడ్చుకుంటూ వెళ్లి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. టక్ టక్‌మనిపించాడు.

రెండు తలలూ ఒకేసారి తిరిగాయి. పుల్లోడు ముక్కు ఎగబీల్చి, పలుపు తెగేట్టు ముందుకు లాగింది.

"మర్సిపోల్యా సూడప్పా నిన్ను!" అన్నాడు సుబ్బన్న. ఆ మాటంటూ ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

హెప్సిబా నాయన పక్కన నిలబడి, వనజ చెప్పినట్టే అందించింది. "క... కర్..." మద్దయ్య పెదవులు కదిలాయి. "ఆ... క..." మళ్లీ. "క..." చెమట పట్టింది. కర్రోడి పక్కనే నిలబడ్డ సుగుణమ్మ చెప్పబోయి, గుర్తొచ్చి, తన నోరు తనే మూసుకుంది. అలా చెయ్యడంలో చీర కొంగు జారి వెనక్కి వేలాడింది. కర్రోడు మెడ సాచి ఆ కొంగు అందుకుని నింపాదిగా నమలడం మొదలుపెట్టింది. చర్చికి కట్టుకొచ్చిన చీర అది.

"దీని సిగదరగ! ఇడ్సు... కర్రోడా!"

ఆ కేక మద్దయ్యది. కర్రోడు కొంగు వదిలేసింది. సుగుణమ్మ చీర సంగతి చూసుకోలేదు. మొగుడి ముఖం రెండు చేతులతో పట్టుకుంది.

"ప్రభువా! ఎనిమిది నెల్లకు నోరు తెర్సి తిట్టినాడే ఈ మనిసి! ఇంగోసారి తిట్టప్పా, ఇంగోసారి తిట్టు!"

మద్దయ్యకే నమ్మకం కుదరలేదు. తన నోటినే ఎవరిదో అన్నట్టు తడుముకున్నాడు. ఇంకోసారి తిట్టడానికి ప్రయత్నించాడు గానీ రాలేదు. నవ్వు వచ్చింది. సుబ్బన్న అయితే వామికి ఆనుకుని కూర్చుని కడుపు పట్టుకున్నాడు. కర్రోడు సగం నమిలేసిన కొంగుతోనే సుగుణమ్మ ఆ రోజు ఊళ్లోకి వచ్చింది. ఎదురైన ప్రతివాళ్లకూ సంగతి చెప్పింది.

తర్వాత జరిగిందంతా మెల్లగా జరిగింది. ప్రతి ఆదివారం కళ్లానికి, పదిహేను రోజులకోసారి బళ్లారికి. మార్చికి ఎద్దుల పేర్లు అడిగినప్పుడల్లా వచ్చాయి. ఏప్రిల్‌కు 'నీళ్లు', 'సాలు', 'రా' వచ్చాయి. ఒకరోజు 'హెప్పీ' అని పిలిచాడు. మిగతా పేరు ఎంతకీ పలకలేదు. ఆమె సరిదిద్దలేదు. వాక్యాలు మాత్రం రాలేదు. కొన్ని రోజులు ఉన్నవీ పోయేవి. అలాంటి రోజుల్లో ఆయన విసుక్కునేవాడు. సుగుణమ్మ నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకుంది. వాళ్లిద్దరిలో ఎవరి చదువు కష్టమో చెప్పలేమని హెప్సిబా వనజకు రాసింది.

మే నెలలో కైరి తన సారాంశాన్ని లిస్టుకు పంపింది. డెబ్బైమూడు చోట్ల నుంచి వచ్చిన అదిలింపులు, ఒక్కోదాని పక్కన పలికినవాళ్ల పేరు. 'మద్దయ్య, సేద్యగాడు, ఎమ్మిగనూరు' అని చూసి హెప్సిబా బస్సులోనే కళ్లు తుడుచుకుంది. శ్రీపాదరావు సారు అప్పటికే ఫోను చేశాడు. అంత పొద్దున్నే లిస్టు చూసేశాడాయన!

ఆ సాయంత్రం ఆ శబ్దాలన్నీ ఆమె నాయనకు వినిపించింది. ఆయన మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక్కోటీ తల ఊపుతూ విన్నాడు. కొన్ని నచ్చాయి. కొన్నిటికి పెదవి విరిచాడు. ఇథియోపియాలో దున్నుతున్న ఒక రైతు గొంతు వచ్చినప్పుడు మాత్రం చెయ్యెత్తి ఆపమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడుసార్లు విని, ఒక వేలు చూపించాడు.

"ఒం... ఒంటి..." అన్నాడు.

"ఒంటరిగా ఉండాడా ఆయప్ప?" అంది హెప్సిబా.

కాదని తల అడ్డంగా ఊపాడు. సుగుణమ్మ పెదవులు బిగించి చూస్తోంది. మద్దయ్య మంచం పట్టె పట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒంటి... ఎద్దు."

హెప్సిబా రికార్డింగు మళ్లీ వింది. ఆ రైతు కేకలన్నీ ఒకేవైపుకి, ఒకే తీరుగా ఉన్నాయి. ఆదివారాల్లో కళ్లం దగ్గర తీసిన నాయన రికార్డింగులో అలా కాదు. ఒక కేక పుల్లోడికి, ఒక కేక కర్రోడికి, అటూ ఇటూ ఊగుతుంది. ఇన్నిసార్లు విన్నా తనకు తట్టలేదు. భాండారంలో ఆ రైతు పేరు పక్కన 'ఎద్దుల జత' అని రాసి ఉంది. ఆమె వెంటనే లిస్టుకు ఉత్తరం రాసింది. ఈసారి ఒక్కసారే రాసింది, కొట్టివేతలు లేకుండా.

జవాబు నాలుగు రోజులకు, అది రికార్డు చేసిన విద్యార్థిని దగ్గర నుంచే వచ్చింది. జతలో రెండో ఎద్దు అంతకు నెల ముందే మేత లేక చచ్చిపోయిందట. ఆ రైతు ఉన్నదానితోనే దున్నుకుంటున్నాడట. తను అలవాటు కొద్దీ జత అని రాసేసిందట. చూడకుండా, భాష తెలియకుండా ఆ సంగతి పట్టుకున్న పెద్దాయన ఎవరని అడిగింది.

హెప్సిబా ఆ జవాబును తెలుగులో చదివి చెప్పింది. గొప్ప విషయం కనిపెట్టినందుకు నాయన పొంగిపోతాడని అనుకుంది. మద్దయ్య మాత్రం ఎద్దు చచ్చిపోయిన మాట దగ్గరే ఆగిపోయాడు. తర్వాత ఫోను వైపు చూపించి, ఒక్కో మాటా పోగుచేసుకుంటూ అడిగాడు.

"ఇంగోటి... కొన్యాడా... ఆయప్ప?"

అది మూడు మాటలు కలిపిన మొదటి వాక్యమని సుగుణమ్మ వేళ్లమీద లెక్కపెడుతూ ఉంది. హెప్సిబా అప్పటికే ఆ ప్రశ్నను ఇథియోపియాకు రాస్తోంది.